కోఠిలో మా ఆడిట్ ఆఫీసు

హైదరాబాద్‌లో బస్సెక్కేవాళ్ళకి "కోఠి ఆంధ్రా బ్యాంకు" ఇప్పటికీ స్టాపు పేరే. బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కానీ జనం నోట్లో ఆ పేరు పోలేదు. ఆ స్టాపులో దిగి, బట్టల కొట్ల మధ్య నుంచి సుల్తాన్ బజార్ దాటుకుని బడీ చౌడీ సందులోకి తిరిగితే ఒక పాత మేడ మీద మా ఆడిట్ ఆఫీసు ఉండేది. తొంభైల మొదట్లో సీఏ ఇంటర్ పాసై నేను అక్కడ ఆర్టికల్‌గా, అంటే ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ట్రైనీగా చేరాను.

కింద లేసులు, జరీ అంచులు అమ్మే కొట్టు. మెట్లు ఎంత ఇరుకంటే, ఫైళ్ళ మూట పట్టుకుని ఒకరు దిగుతుంటే ఇంకొకరు కిందే ఆగాలి. పైన రెండు గదులు, స్టీలు బీరువాలు, తెల్ల దారంతో కట్టిన ఫైళ్ళు, ఒక టైపు మిషను. కంప్యూటర్ ఇంకా మా దాకా రాలేదు. లెడ్జర్లు చేత్తో కూడేవాళ్ళం, టోటల్ పక్కన ఆకుపచ్చ పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాళ్ళం. స్టైపెండు బస్ పాసుకీ, సాయంత్రం చాయ్ సమోసాకీ సరిపోయేది. చదువుకోవడానికి చిక్కడపల్లి లైబ్రరీ. ఆదివారం పొద్దున్నే వెళ్ళకపోతే ఫ్యాను కింద కుర్చీ దొరికేది కాదు.

నైతికత, విలువలు, నాయకత్వం లాంటి మాటలు ఆ ఆఫీసులో నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు నేను పనిచేసే కంపెనీలో ఏటా ఎథిక్స్ ట్రైనింగ్ అని ఒక వీడియో చూపిస్తారు. చివర్లో కొన్ని ప్రశ్నలు, పాసైతే సర్టిఫికెట్టు. అది చూసిన ప్రతిసారీ నాకు ఆ ఆఫీసు నడిపిన ఆడిటర్, మా సారే గుర్తొస్తారు. వ్యాపారంలో మంచీ చెడూ గురించి నాకు తెలిసిందంతా ఆయన మాచేత చేయించిన పనుల్లోంచి వచ్చిందే.

ఆ పనులు చూడటానికి చాలా చిన్నవి. క్లయింటు దగ్గరికి వెళ్ళగానే, వాళ్ళిచ్చే టీ తాగకముందే క్యాష్ లెక్కపెట్టాలి. టీ తాగుతూ కూర్చుంటే ఆ పది నిమిషాల్లో పక్క కొట్లోంచి నోట్ల కట్ట తెచ్చి గల్లాలో పెట్టొచ్చు. ఓచర్ మీద కొట్టివేత కనిపిస్తే దాన్ని వెలుతురుకి ఎత్తి చూడాలి. లెక్క తేలని చోట పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టాలి, దాన్ని మనం చెరపకూడదు, సార్ చూశాకే చెరపాలి. వీటన్నిటికంటే ఆయన ఎక్కువ పట్టుబట్టింది బ్యాంకు ఉత్తరం దగ్గర.

మార్చి 31న క్లయింటు ఖాతాలో ఎంత ఉందో బ్యాంకునే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఉత్తరం క్లయింటు లెటర్‌హెడ్ మీదే ఉంటుంది, సంతకం వాళ్ళదే ఉంటుంది. కానీ దాన్ని కవర్లో పెట్టి, అంటించి, పోస్టు డబ్బాలో వేసేది మేమే. జవాబు మా ఆఫీసు చిరునామాకే రావాలి. కవరు మీద స్టాంపు ఖర్చు కూడా మాదే. ఒకసారి ఒక క్లయింటు దగ్గర అకౌంటెంట్ గారు, "ఇటివ్వండమ్మా, మా కుర్రాడు బ్యాంకుకే వెళ్తున్నాడు, చేతికే తెచ్చేస్తాడు, మీకెందుకు శ్రమ" అన్నారు. ఆయన మంచి మనిషి, మనసులో ఏమీ లేదు. మాతోపాటు కొత్తగా చేరిన అబ్బాయి ఇవ్వబోయాడు. మా సీనియర్ ఆ కవరు మధ్యలోనే అందుకున్నాడు. సాయంత్రం సార్ ఆ అబ్బాయిని కేకలేయలేదు. "బ్యాంకు ఏం చెప్తుందో మనం బ్యాంకు నోటితో వినాలి నాన్నా. క్లయింటు నోటితో వినేటట్టయితే మనం వెళ్ళడం దేనికి?" అన్నారంతే.

ఆ మాట విలువ నాకు పదిహేనేళ్ళు దాటాక తెలిసింది. అది తర్వాత చెప్తాను. ముందు జీడిమెట్ల సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో బాలానగర్, జీడిమెట్ల వైపు మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వల్ల ఈ ఊళ్ళో మందుల తయారీ తెలిసిన కెమిస్టులు, ఇంజనీర్లు ఒక తరం తయారయ్యారు. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాక, ఉద్యోగం మానేసి సొంతంగా ఒక రియాక్టర్ (రసాయనాలు వండే పాత్ర) పెట్టుకోవాలని కలగన్నవాళ్ళకి లెక్కలేదు. మా క్లయింటూ అలాంటివారే. చదువుకున్న మనిషి, కష్టజీవి. భార్య నగలు కుదువ పెట్టి షెడ్డు వేశారని మా ఆఫీసులో అందరికీ తెలుసు. కార్మికులని పేరు పెట్టి పిలిచేవారు, దసరాకి బోనస్ ఎగ్గొట్టిన ఏడాది లేదు.

బ్యాంకు ఆయనకి క్యాష్ క్రెడిట్, అంటే సరుకు హామీ మీద అప్పు ఇచ్చింది. స్టాకు ఎంత ఉంటే దానిలో బ్యాంకు తన భద్రతకి తీసేసే మార్జిన్ పోను మిగిలినంత వాడుకోవచ్చు. అంటే గోడౌన్‌లో డ్రమ్ములు తగ్గితే బ్యాంకు ఇచ్చే డబ్బూ తగ్గుతుంది. వడ్డీలు మండిపోతున్న కాలం. అమ్మిన సరుకు డబ్బు నెలల తరబడి రాదు, కొన్న సరుకు డబ్బు మాత్రం వెంటనే కట్టాలి.

మార్చి ఆఖరున స్టాకు లెక్కకి నన్నూ మా సీనియర్‌నీ పంపారు. ఆ మధ్యాహ్నం సీనియర్ స్టోర్స్ రిజిస్టర్లు చూస్తూ లోపల కూర్చున్నాడు, గోడౌన్ నాకిచ్చాడు. జీడిమెట్లలో బస్సు దిగగానే ముక్కుకి తగిలే ఘాటు, రేకుల షెడ్డు కింద వేడి, సోడా తాగినా ఆరని గొంతు, అన్నీ గుర్తున్నాయి. డ్రమ్ములు నాలుగు వరుసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటి యాభై కిలోలది, మూత చుట్టూ ఇనుప రింగు, మీద బ్యాచ్ నంబరు రాసిన చీటీ. రిజిస్టర్ ప్రకారం 160 ఉండాలి. లెక్కపెడితే 160 ఉన్నాయి. అక్కడితో అయిపోయేదే. కానీ సార్ ఎప్పుడూ చెప్పే మాట, వెనక వరుస చూడకుండా షీటు మీద అంకె వేయొద్దని. పక్కగా దూరి వెనక వరుస డ్రమ్ము మీద అరచేత్తో తట్టాను. డబడబమని మోగింది. పక్కది తట్టాను. అదీ అంతే. కాంటా తెప్పించి ఒక్కొక్కటీ తూయిస్తే నిండుగా ఉన్నవి 96. మిగిలిన 64 ఖాళీ. చీటీలు మాత్రం అన్నిటికీ ఉన్నాయి, బ్యాచ్ నంబర్లతో సహా.

స్టోర్స్ చూసే పెద్దాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖంలో చెమట. "రాసెయ్యమ్మా, 160 అని రాసెయ్. నువ్వు చిన్నపిల్లవి, నీకెందుకీ గొడవ. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. ఆయన్ని నేనేమీ అనలేకపోయాను. ఆ చీటీల మీద చేతిరాత ఆయనదేనని అప్పటికి నాకు అర్థమైంది. ఆ బ్యాచ్ నంబర్లు తనంతట తాను కల్పించి రాసి ఉండడు కదా. ఎవరో చెప్తే రాశాడు. నా కాళ్ళు వణుకుతున్నాయి, అయినా షీటు మీద 96 అనే రాశాను. ఆఫీసు గదిలోకి వెళ్ళి సార్‌కి ఫోన్ చేశాను.

గంటన్నరలో సార్ స్కూటర్ మీద వచ్చారు. ఓనర్ గారు మా ముందే మాట్లాడారు, ఏమీ దాచలేదు. "సార్, ఈ ఒక్క ఏడాదికి. జూన్‌లో ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వస్తోంది, టెలెక్స్ చూపిస్తాను. ఆ డ్రమ్ములన్నీ నిజంగానే నిండిపోతాయి. ఇప్పుడు లిమిట్ కోసేస్తే నలభై మంది రోడ్డున పడతారు. నా సంగతి వదిలేయండి, వాళ్ళ మొహాలు చూడండి" అన్నారు. అబద్ధం చెప్పే మనిషి గొంతు కాదది. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతిలో షీటు తీసుకుని ఆయన ముందు పెట్టారు. "ఇది మా పిల్ల చేతిరాతండీ. రేపు బ్యాంకువాళ్ళు అడిగినా, కోర్టు అడిగినా, బోనులో నిలబడేది ఈ పిల్ల. దీంతో నేను 160 అని రాయించను. అవతల స్టోర్స్‌లో ఉన్న పెద్దాయనతో మీరు రాయించారు, అదీ బాగాలేదు. మీకు 160 కావాలంటే మీ చేత్తో రాసి, కింద మీరు సంతకం పెట్టండి. దాని పక్కన మేం లెక్కపెట్టింది నేను రాస్తాను."

ఓనర్ గారు పెన్ను తీశారు. కాసేపు పట్టుకున్నారు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. అంతవరకూ ఆయన దృష్టిలో అది స్టేట్‌మెంటులో ఒక అంకె. ఫ్యాక్టరీ నిలబెట్టుకోవడానికి చేస్తున్న ఒక సర్దుబాటు. తన చేత్తో రాయాల్సి వచ్చేసరికి అదేమిటో ఆయనకే కనిపించింది. పెద్ద కుర్చీలో ఉన్న ప్రమాదం ఇదేననిపిస్తుంది నాకు. అక్కడ కూర్చున్నవాళ్ళు తప్పు పని తమ చేత్తో చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. నోటిమాటగా "చూడండి" అంటారు, "ఏదో ఒకటి చేయండి" అంటారు. చేసేది స్టోర్స్ పెద్దాయన, ఆడిట్‌కొచ్చిన పిల్ల, అకౌంట్స్‌లో కొత్తగా చేరిన కుర్రాడు.

అక్కడితో సార్ తన పని అయిపోయిందని స్కూటర్ ఎక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. "రేపు బ్యాంకుకి వెళ్దాం, మీతో నేనూ వస్తాను. బ్యాంకువాళ్ళు కనిపెట్టాక చెప్పడం వేరు, మనమే వెళ్ళి చెప్పడం వేరు" అన్నారు. మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. మేనేజర్ గారు బల్ల గుద్ది మరీ అరిచారని సార్ తర్వాత చెప్పారు. చివరికి లిమిట్ తగ్గించి, తేడా సొమ్ముని వాయిదాల్లో తీర్చేలా టర్మ్ లోనుగా మార్చారు. ఆ ప్రపోజల్ కాగితాలన్నీ సార్ ఆఫీసులో కూర్చుని మేమే తయారుచేశాం, ఫీజు లేకుండా. మరుసటి ఏడాది ఆ ఆడిట్ మాకు రాలేదు. ఓనర్ గారి బావమరిది కంపెనీ కూడా మా ఫైళ్ళలోంచి వెళ్ళిపోయింది. మా ఆఫీసుకి అది చిన్న నష్టం కాదు. ఆ ఏడాది సార్ తన గదిలో ఎయిర్ కూలర్ కొనాలనుకుని మానేశారు.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగలేదు. ఆ యూనిట్‌లో నైట్ షిఫ్టు తీసేశారు. ఒక సాయంత్రం ఆ షిఫ్టులో హెల్పర్‌గా చేసినతను మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. మెదక్ వైపు మనిషి. గొడవ పడలేదు, గొంతు కూడా పెంచలేదు. "మీరు దస్కత్ వెట్టి ఉంటే నా పని ఉండేది గద సార్" అన్నాడు. మేమంతా తలలు వంచుకుని లెడ్జర్లు చూస్తున్నట్టు కూర్చున్నాం. సార్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. ఉండేదనీ అనలేదు, ఉండేది కాదనీ అనలేదు. నాచారంలో ఇంకో క్లయింటుకి ఉత్తరం రాసిచ్చారు. అతను వెళ్ళాక మా సీనియర్, "మన తప్పేముంది సార్, దొంగ లెక్క రాసింది వాళ్ళు" అన్నాడు. సార్, "అతను అడిగింది న్యాయమేరా. మనం చేసిందీ న్యాయమే. రెండూ ఉంటాయి" అన్నారు. ఆ రోజు ఆయన మామూలు కంటే ముందే ఇంటికి వెళ్ళిపోయారు.

దీని మీద నేను చాలా ఆలోచించాను. సార్ చేసిందే సరైనదని ఇప్పటికీ నమ్ముతాను. ఖాళీ డ్రమ్ము చూపి తెచ్చిన అప్పుకైనా వడ్డీ నిజమైనదే. జూన్‌లో ఆర్డర్ రాకపోతే వచ్చే మార్చికి అరవై నాలుగు నూరవుతాయి, అప్పుడు నలభై మందీ పోతారు. కానీ ఆ హెల్పర్‌కి ఈ లెక్క చెప్పి ఒప్పించలేం, ఒప్పించాలనుకోవడం కూడా మర్యాద కాదు. సరైన పని చేసినప్పుడు కూడా ఎవరో ఒకరి పొయ్యి ఆరుతుంది. ఆ సంగతి తెలిసి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయాలి. ట్రైనింగ్ వీడియోల్లో ఈ భాగం ఎక్కడా ఉండదు.

ఆర్టికల్స్ అయ్యాయి, సీఏ పూర్తయింది, నేను ఉద్యోగంలో చేరాను. ఊరూ మారింది. మేం ఫ్యాక్టరీలకి బస్సెక్కి పోయిన రోడ్ల వెంట ఫ్లైఓవర్లు లేచాయి, మాదాపూర్ రాళ్ళ గుట్టల్లో హైటెక్ సిటీ వచ్చింది. 2001లో కృషి కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలినప్పుడు మా కాలనీలో రిటైరైన టీచర్లు పాస్‌బుక్కులు పట్టుకుని తిరగడం చూశాను. అప్పట్లో డిపాజిట్ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల వరకే. ఐదు లక్షలు చేసింది 2020లో. పై గదిలో ఎవరో పెట్టిన సంతకానికి ఎవరి పెన్షన్ డబ్బులు పోతాయో అప్పుడు మా ఇంటి గుమ్మంలోంచే కనిపించింది.

తర్వాత 2009 జనవరి 7. ఈ ఊళ్ళో అకౌంట్స్ పని చేసేవాళ్ళెవరూ ఆ రోజుని మర్చిపోలేరు. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకి రాసిన ఉత్తరం పొద్దున్నే బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లని ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి నలభైకి పడిపోయింది. మా ఫ్లోర్‌లో ఎవరికీ పని సాగలేదు. దాదాపు ప్రతి ఒక్కరికీ అందులో పనిచేసే చెల్లెలో, బావో, రూమ్‌మేటో ఉన్నారు. యాభై వేల కుటుంబాలు మరి.

నన్ను పట్టి కుదిపింది ఆ వేల కోట్ల అంకె కాదు, ఉత్తరంలో ఇంకో వాక్యం. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య చిన్న తేడాగా మొదలైంది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందని ఉంది అందులో. పులి మీద స్వారీ చేస్తున్నట్టుందని, తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదని అందరూ గుర్తుపెట్టుకున్న మాట దాని తర్వాతది. నాకు మాత్రం జీడిమెట్ల షెడ్డులో ఆ గొంతు వినిపించింది. ఈ ఒక్క ఏడాదికి సార్. జూన్‌లో నిండిపోతాయి.

పుస్తకాల్లోని లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టి ఆ తేడాని పూడ్చడానికే 2008 డిసెంబర్ 16న సొంత కుటుంబం వాళ్ళ మేటాస్ అనే రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొంటామని బోర్డులో తీర్మానం చేశారు. పెద్ద పెద్ద విద్యాసంస్థల్లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు ఆ బల్ల చుట్టూ ఉన్నారు. తీర్మానం ఏకగ్రీవం. షేర్‌హోల్డర్లు గగ్గోలు పెట్టడంతో తెల్లారేలోపు వెనక్కి తీసుకున్నారు. అంతకు మూడు నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని సక్రమంగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీ అది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. 2005 ఆగస్టు 15న ఇదే ఊళ్ళో 108 అంబులెన్సులు మొదలుపెట్టిందీ రామలింగరాజు గారే. మా మామయ్యకి గుండెనొప్పి వచ్చినప్పుడు ఇంటి ముందుకి వచ్చిన బండి అదే. ఆ బండి ప్రాణం నిలబెట్టిందన్నదీ నిజమే, ఆ పుస్తకాలు దొంగవన్నదీ నిజమే. ఒకదానితో ఇంకోటి చెల్లుబాటు చేసుకోవడం లెక్కల్లో కుదరదు, మనుషుల విషయంలోనూ కుదరదనే నేను అనుకుంటాను.

అంత డబ్బు లేనిది ఉన్నట్టు అన్నేళ్ళు ఎలా నడిచింది? నకిలీ ఎఫ్‌డీ రసీదులు, నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు. 2011లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తన ఉత్తర్వులో తేల్చింది ఏమిటంటే, బ్యాంకు నిల్వల ధ్రువీకరణ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించుకోవడం అనే పనిని ఆడిటర్లు పూర్తిగా కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారు. అది చదివి నేను పేపర్ పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇటివ్వండమ్మా, మా కుర్రాడు బ్యాంకుకే వెళ్తున్నాడు. ప్రపంచంలో పేరున్న ఆడిట్ సంస్థ, వందల మంది స్టాఫ్, కంప్యూటర్లు, మాన్యువల్స్, అన్నీ ఉన్నాయి. కోఠి మేడ మీద ఒక స్టాంపు ఖర్చుతో అయిపోయే పని అక్కడ జరగలేదు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. పది మంది దోషులు, అందరికీ ఏడేళ్ళ జైలు. తర్వాతి నెలలోనే సెషన్స్ కోర్టు శిక్ష నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. తీర్పు వచ్చిన సాయంత్రం సార్‌కి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన ఆఫీసు మూసేసి వనస్థలిపురంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. చూశారా సార్, మీరు చెప్పిందే జరిగింది అంటానని ఎదురుచూశారేమో తెలియదు, నేను నోరు తెరవకముందే ఆయన అడిగింది వేరే. "ఆ పది మందిలో ఫైనాన్స్‌లో పనిచేసిన ఉద్యోగులు ముగ్గురున్నారు చూశావా అమ్మా?"

నేను చూడలేదు. మళ్ళీ చదివాను. రాజు గారూ, ఇద్దరు తమ్ముళ్ళూ, ఫైనాన్స్ మొత్తానికి పెద్దైన సీఎఫ్‌ఓ, ఆడిటర్లిద్దరు, ఇంటర్నల్ ఆడిట్ పెద్దాయన, ఆ పైన ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ముగ్గురు. ఆరు వేలకు పైగా దొంగ ఇన్వాయిస్‌లు ఆ కేసులో. అవి ఎవరో ఒకరు కూర్చుని తయారుచేయాలి కదా. "వాళ్ళు తప్పు చేయలేదనట్లేదు. కాదనాల్సింది, అనలేదు. కానీ కాదనే పిల్లలకి ఆ కంపెనీలో వెళ్ళి చెప్పుకోవడానికి ఒక్క తలుపు ఉండి ఉంటే బాగుండేది" అన్నారు సార్. తర్వాత మా అబ్బాయి చదువు గురించి అడిగి ఫోన్ పెట్టేశారు. కరోనా రెండో వేవ్‌లో ఆయన పోయారు. వెళ్ళి చూసుకోవడానికి కూడా లేకపోయింది.

చట్టం ఆ తలుపు పెట్టిందనే చెప్పాలి. 2013 కంపెనీల చట్టంలో ఉద్యోగి భయపడకుండా ఫిర్యాదు చేసే విజిల్ మెకానిజం వచ్చింది, అవసరమైతే నేరుగా బోర్డులోని ఆడిట్ కమిటీ చైర్మన్ దగ్గరికే వెళ్ళొచ్చు. ఒకే ఆడిట్ సంస్థ పదేళ్ళకు మించి ఉండకుండా రొటేషన్ వచ్చింది. షేర్‌హోల్డర్లు కలిసి దావా వేసే వీలొచ్చింది. వీటిలో చాలావాటికి ప్రాణం పోసింది మన ఊరి కుంభకోణమే. అయినా ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఆడిట్ కమిటీ చైర్మన్‌కి ఈమెయిల్ కొడుతుందా? ఇంటి ఈఎంఐ ఉన్నవాడు కొడతాడా? ఆ తలుపు దాకా ఎవరో ఒకరు తోడు రావాలి. అది పైనున్నవాళ్ళ పని. నా దృష్టిలో లీడర్‌షిప్ అనే దాంట్లో సగం ఇదే.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక మధ్యస్థాయి కంపెనీకి ఫైనాన్స్ చూస్తున్నాను. మొన్న మార్చి ఆఖరున మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా క్యాబిన్ బయట అటూ ఇటూ తిరుగుతోంది. పిలిచి అడిగితే ఫోన్ చూపించింది. సేల్స్ హెడ్ గారి వాట్సాప్ మెసేజ్. సరుకు ఇంకా వేర్‌హౌస్ దాటలేదు, ఇన్వాయిస్ మాత్రం 31వ తేదీతో వేసేయమని. కింద చేతులు జోడించిన ఎమోజీ. "టెన్షన్‌గా ఉంది మేడమ్, ఆయనకి ఏం చెప్పాలి?" అంది. నువ్వేం చెప్పక్కర్లేదమ్మా అన్నాను. ఆ మెసేజ్‌కి నేనే నా పేరుతో జవాబిచ్చాను, సరుకు కస్టమర్ చేతిలోకి వెళ్ళేదాకా అది ఈ సంవత్సరం అమ్మకం కాదని, దీని గురించి ఇక నాతోనే మాట్లాడమని.

తర్వాత ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయనా చెడ్డ మనిషి కాదు. ఆ ఒక్క ఆర్డర్ మార్చిలో పడితే ఆయన టీమ్ మొత్తానికి టార్గెట్ పూర్తవుతుంది, ఏడెనిమిది మంది ఇన్సెంటివ్ దాని మీద ఆధారపడి ఉంది. లారీ ఆలస్యమైంది ట్రాన్స్‌పోర్టర్ వల్ల, వాళ్ళ తప్పేమీ లేదు. ఎండీ గారి దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. పుస్తకాల్లో అమ్మకం ఏప్రిల్‌లోనే పడుతుంది, ఇన్సెంటివ్ లెక్కకి మాత్రం ఆర్డర్ తెచ్చిన తేదీని చూడొచ్చు కదా అని అడిగాను. ఎండీ గారికి నచ్చలేదు. ఈసారికి ఒప్పుకుంటే ప్రతి ఏడాదీ ఇదే అడుగుతారన్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు.

సరుకు ఏప్రిల్ మొదటి వారంలో కస్టమర్ గోడౌన్ చేరింది, ఆ అమ్మాయి ఇన్వాయిస్ వేసింది. ఇన్సెంటివ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. సేల్స్ హెడ్ గారు క్యాంటీన్‌లో నాతో ముభావంగానే ఉంటున్నారు. వచ్చే సోమవారం మళ్ళీ ఎండీ గారి దగ్గర టైమ్ తీసుకున్నాను, ఆయన్ని కూడా రమ్మన్నాను.